లేపాక్షి బొమ్మ, మందిరం ఫ్లెక్సీ

అనంతపురం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. తన పేరు, సంఘం పేరు వెయ్యొద్దన్నారు. ఆమె రాసింది క్లుప్తంగా ఇదీ.

ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్. పుట్టిల్లు కడప. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) క్రైస్తవ కుటుంబం. వాళ్లమ్మ పాత కీర్తనలు రాగం తీసి పాడేది. పెళ్లయ్యాక అత్తింటివాళ్లు వెళ్లే ప్రార్థన మందిరానికే ఆమె కూడా వెళ్తున్నారు. పోయిన ఏడాది స్కూలు పిల్లల్ని లేపాక్షి తీసుకెళ్లినప్పుడు అక్కడి పైకప్పు చిత్రాల్లో, పార్వతీ కల్యాణంలో వరసగా నిలబడ్డ ఆడవాళ్లను నోట్‌బుక్‌లో గీసుకున్నారు. ఇంటికొచ్చి పెద్ద కాగితం మీద వేసి, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. బొమ్మలో దేవుడు లేడు. ముగ్గురు స్త్రీలు, వాళ్ల చీరలు, కొప్పులు. అంతే. కొన్నాళ్లకు ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. పాస్టర్ గారు ఫ్రేము చూసి "గుళ్లోది ఇంట్లోకి ఎందుకమ్మా తెచ్చుకున్నావు" అన్నారు. కోపంగా అనలేదు గానీ అందరి ముందూ అన్నారు. ఆ వారమే పాపకు జ్వరం వచ్చింది. అత్తగారు రెండింటికీ ముడిపెట్టేశారు. భర్త మాత్రం "వాళ్లొచ్చినప్పుడు తీసెయ్, వెళ్లాక పెట్టుకో, ఎందుకొచ్చిన టెన్షన్" అన్నారు. ఫ్రేము ఇప్పుడు బీరువా వెనక ఉంది.

రెండో సంగతి క్రిస్మస్‌ది. మందిరంలో స్టేజీ వెనక కట్టిన పెద్ద ఫ్లెక్సీ మీద కంప్యూటర్ తయారుచేసిన యేసుప్రభువు బొమ్మ ఉంది. ఆశీర్వదిస్తున్న చేతికి ఆరు వేళ్లు. స్టేజీ కొలతకు సాగదీశారేమో, ముఖం అడ్డంగా ఉబ్బింది. ఈమె ఒక సంఘ పెద్దతో ఆ మాట అంటే, "నీలో విమర్శించే ఆత్మ ఉందమ్మా, ప్రార్థన చేసుకో" అన్నారట. తమాషా ఏమిటంటే, ఈసారి వెనక తెర నువ్వే వెయ్యమని పాస్టర్ గారే ఆమెను అడిగారు. అయితే ఒక క్యాలెండర్ బొమ్మ చేతికిచ్చి, అచ్చం ఇలాగే ఉండాలన్నారు.

మూడో తరగతి చదివే పాప ఇప్పుడు ఏ బొమ్మ మొదలుపెట్టినా "ఇది వేయొచ్చా అమ్మా" అని అడుగుతోంది. వినాయక చవితికి స్కూల్లో బొమ్మ వెయ్యమంటే ఖాళీ పేజీ ఇచ్చి వచ్చింది.

"గుడి బొమ్మ చూసి సంతోషపడితే నా విశ్వాసం పలచబడినట్టా? దేవుని పేరు మీద కట్టారు కాబట్టి ఆ ఫ్లెక్సీని బాగుందనాలా?" అని అడిగారు ఆమె.

అమ్మా,

ముందు జ్వరం సంగతి తేల్చేద్దాం. డాక్టర్ వైరల్ అన్నారనీ, మందులతో తగ్గిందనీ మీరే రాశారు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి "ఎవరు పాపం చేశారు, వీడా, వీణ్ణి కన్నవాళ్లా" అని శిష్యులు అడిగితే, వాళ్లెవరూ కాదన్నారు యేసు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం. దాన్ని మీరు చదివి వినిపిస్తే అత్తాకోడళ్ల వాదన అయి కూర్చుంటుంది. మీ ఆయన్ను చదవమనండి.

ఇక బొమ్మ. విగ్రహం చేసుకోకూడదు, సాగిలపడకూడదు, పూజింపకూడదు అన్న ఆజ్ఞ నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయంలో ఉంది. ఆ సీనాయి కొండ మీదే, ఐదు అధ్యాయాలు దాటాక, బంగారంతో కెరూబులు చెయ్యమనీ, దీపవృక్షానికి బాదం పువ్వుల రూపాలు పెట్టమనీ దేవుడే చెప్తాడు. ఇంకొంచెం ముందుకెళ్తే బెసలేలు వస్తాడు. దేవుని ఆత్మతో నింపబడ్డాడని అక్కడ రాసింది ఈయన గురించే. ఈయన ప్రవక్తా కాదు, రాజూ కాదు. చెక్కేవాడు, పొదిగేవాడు. కాబట్టి మీ చేతిలోని పనే దేవునికి గిట్టనిదని ఎవరైనా అంటే, వాళ్లు ఆ పుస్తకాన్ని ఇరవయ్యో అధ్యాయం దగ్గరే మూసేశారన్నమాట.

కానీ అక్కడితో గెలిచేశాం అనుకోకండి. మోషే చేయించిన ఇత్తడి సర్పం గుర్తుందా? దేవుడు చెప్తేనే చేశాడు. తరతరాల తర్వాత జనం దానికి ధూపం వెయ్యడం మొదలుపెడితే, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు కొట్టించాడు. మంచి రాజనే ఆయనకు పేరు. వస్తువు అదే, ఇత్తడి అదే. దాని ముందు మనుషులు చేసే పని మారింది. మీ హాల్లో ఆ బొమ్మ ముందు ఎవరూ ధూపం వెయ్యలేదు. మీరు దాన్ని చూసి సంతోషపడ్డారు, చేత్తో నేర్చుకున్నారు. దానియేలు, అతని స్నేహితులు బబులోనులో కల్దీయుల విద్య, భాష అంతా చదివారు. ప్రతిమకు మొక్కమన్నప్పుడు మాత్రం ఆ స్నేహితులు మొక్కలేదు. చదవడానికీ మొక్కడానికీ తేడా వాళ్లకు తెలుసు. మీకూ తెలుసని ఉత్తరం చూస్తే అర్థమవుతోంది.

మీరు లేపాక్షిలో ఏం చూశారో రాసిన పేజీ నాకు బాగా నచ్చింది. అక్కడికి వెళ్లిన జనం ఎక్కువగా వేలాడే స్తంభం దగ్గర గుమిగూడి, కింద గుడ్డ దూర్చి అటు లాగుతారు, ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు. తలెత్తి కప్పు చూసేవాళ్లు తక్కువ. మీరు తలెత్తారు. ముఖాలన్నీ పక్కకు తిరిగి ఉండటం, ప్రతి రూపానికీ నల్లటి గీత, ఇటుకరంగు, పసుపు మట్టిరంగు తప్ప నీలం దాదాపు కనిపించకపోవడం, ఒక్కో చీరకు ఒక్కో అంచు, మగవాళ్ల నెత్తిన ఎత్తు కుళ్లాయిలు, ఇవన్నీ గమనించారు. విజయనగరం కాలంలో, అచ్యుతదేవరాయల ఏలుబడిలో మన సీమ జనం ఎలా కట్టుకున్నారో, కొప్పు ఎలా ముడిచారో చెప్పడానికి ఆ కప్పుకంటే మంచి సాక్షి దొరకడం కష్టం. అది చూసి సంతోషం కలగకపోతే డ్రాయింగ్ టీచర్ ఎందుకవుతారు?

మీ పుట్టిల్లు కడప కదా, బ్రౌన్ లైబ్రరీ తెలిసే ఉంటుంది. సి.పి. బ్రౌన్ పాదిరీ కొడుకు. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చి, బంగళా కొని, పండితుల్ని జీతాలకు పెట్టి తాళపత్రాలు వెతికించి తప్పులు దిద్దించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించాడు. మనుచరిత్రకు వ్యాఖ్యానం రాయించాడు. వరూధినీ ప్రవరుల కథను కాపాడితే తన విశ్వాసం పోతుందని ఆయన భయపడినట్టు లేదు. మీ అమ్మగారు పాడే కీర్తనల పుస్తకం తీసి చూడండి. ఒక్కో పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటి వాళ్లు ఆ పాటలు కట్టిన రాగాలు అప్పటికే గుళ్లలో, కచేరీల్లో పాడుతున్నవే. మన పెద్దలు ఆ రాగం తీసుకున్నారు, సాహిత్యం తమది పెట్టారు. ఏది తీసుకోవాలి, ఏది వదలాలి అన్న లెక్క మీరు కొత్తగా మొదలుపెట్టింది కాదు.

ఇంతవరకు మీ పక్షాన మాట్లాడాను. ఇప్పుడు పాస్టర్ గారి వైపు, మీ అత్తగారి వైపు నిలబడి చూద్దాం. మీ ఉత్తరంలో ఇదొక్కటే నాకు కనిపించని భాగం.

"వాళ్లకు కళ అంటే తెలియదు" అని రాశారు. కావచ్చు. కానీ ఆ కప్పు కింద నిలబడి తలెత్తి చూసే అవకాశం అందరికీ ఎప్పుడొచ్చింది? అనంతపురం అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడ అన్ని కులాలకూ గుడి తలుపులు తెరవాలన్న చట్టం 1947లో వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఊళ్లో గడప దాటనిచ్చారని కాదు. మన సీమ సంఘాల్లో ఎన్నో కుటుంబాల తాతలు ఆ గోడ బయట నిలబడ్డవాళ్లే. లోపల ఉన్న అందం వాళ్లకు చూడొద్దని చెప్పిన అందం. అలాంటి ఇంటి మనిషికి మీ ఫ్రేములోని చీర అంచు కనిపించకపోవచ్చు, ఆ గోడే కనిపించొచ్చు. మీ అత్తగారి చిన్నతనం ఎలా గడిచిందో మీరు ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా?

జాషువా గబ్బిలం మీరు చదివే ఉంటారు. 1941లో వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పుకోవాలి. మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అది గర్భగుడిలో వేలాడుతుంది కాబట్టి, పూజారి లేని సమయం చూసి శివుడి చెవిలో చెప్పమని దాన్ని బతిమాలతాడు. రాసినవాడు క్రైస్తవ ఇంట పుట్టినవాడు. మేఘసందేశం పద్ధతిని అందిపుచ్చుకున్నాడు, పద్యం నడక మీద మహా పండితుల్లాగే పట్టు సాధించాడు, ఆ పద్యంతోనే ఆ గోడను నిలదీశాడు. ఆయనే తర్వాత క్రీస్తు చరిత్ర రాసి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. కళను మెచ్చుకోవడం, అది ఎవరిని బయట పెట్టిందో అడగడం, రెండూ ఒకే మనిషి చెయ్యొచ్చు. నా ఉద్దేశంలో క్రైస్తవురాలు లేపాక్షి కప్పును చూడాల్సింది ఈ రెండు కళ్లతోనే. గీత బాగుంది అనాలి. ఈ గీత కింద ఎవరు నిలబడలేకపోయారో కూడా తెలిసుండాలి. పౌలు ఏథెన్సులో చేసింది ఇలాంటిదే. ఊరంతా విగ్రహాలు చూసి ఆయన మనసు ఉడికిపోయింది. అయినా వీధులు తిరిగి వాటిని చూశాడు, ఒక బలిపీఠం మీది రాతను చదివాడు, వాళ్ల కవుల మాటనే వాళ్ల ముందు ఎత్తి చెప్పాడు. ఉడుకూ, చదువూ ఆయనలో ఒకదాన్నొకటి తరిమెయ్యలేదు.

ఇప్పుడు ఫ్రేము ఎక్కడ పెట్టాలి?

హాల్లోనే పెట్టొచ్చు. మీ ఇల్లు, మీ గోడ. అలా పెడితే కూడికకు వచ్చిన ప్రతివాళ్లకూ జవాబు చెప్పుకోవాలి. కొందరు రావడం మానొచ్చు. మీకు ఓపిక ఉండి, మీ ఆయన నోరు విప్పి మీ పక్కన నిలబడితే ఇది తప్పు దారి కాదు. ఆయన నిలబడకపోతే మాత్రం ఆ గోడ రోజూ కొట్లాటే.

మీరు బొమ్మలు వేసుకునే గదిలో పెట్టొచ్చు. దీన్ని ఓటమి అనుకుంటున్నారని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. నాకలా అనిపించలేదు. విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి కొరింథీయులకు రాస్తూ పౌలు, విగ్రహం వట్టిదే, తినొచ్చు అని ఒప్పుకున్నాడు. మొన్నటిదాకా ఆ విగ్రహాన్ని పూజించి వచ్చిన సహోదరుడు అది చూసి తడబడతాడనుకుంటే మాత్రం తాను తినను అన్నాడు. తినడం తప్పని కాదు, ఆ మనిషి ముఖ్యమని. మీ సంఘంలో అలా నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు ఉంటే ఈ మాట ఆలోచించండి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పౌలు చెప్పింది తడబడేవాళ్ల గురించి, పెత్తనం చేసేవాళ్ల గురించి కాదు. ఇరవై ఏళ్లుగా వాక్యం చెప్తున్న పెద్దాయన "నాకు అభ్యంతరం" అంటే, ఆయన బలహీనుడి ఖాతాలోకి రాడు. ఆయనతో కూర్చుని మాట్లాడాలి. మీ నోట్‌బుక్ తీసుకెళ్లి, ఏం చూశారో ఒక్కో పేజీ చూపించండి. మీరు పెళ్లి పూజను మెచ్చుకోలేదనీ, నేతను, గీతను మెచ్చుకున్నారనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వను. కనీసం ఇంకోసారి అందరి ముందు కాకుండా విడిగా అడుగుతారు.

మీ ఆయన చెప్పిన దారి, వాళ్లొస్తే దాచడం, వెళ్లాక తియ్యడం, నాకు అన్నిటికంటే నచ్చనిది. తప్పు చెయ్యలేదని మీరు అనుకుంటుంటే దాచకండి. తప్పనిపిస్తే ఎవరికైనా ఇచ్చెయ్యండి. ఆయన మీద కోపం తెచ్చుకోకండి, ఆయనది గొడవ పడలేని స్వభావం అని మీరే రాశారు.

ఫ్లెక్సీ దగ్గరికొద్దాం. ఇక్కడ నాకు కాస్త నవ్వొచ్చింది, క్షమించండి.

మలాకీ గ్రంథం మొదటి అధ్యాయంలో దేవుడు యాజకుల్ని నిలదీస్తాడు. గుడ్డిదాన్ని, కుంటిదాన్ని నాకు బలి తెస్తున్నారే, అలాంటిది తీసుకెళ్లి మీ అధికారికి ఇవ్వండి చూద్దాం, ఆయన మెచ్చుకుంటాడా అంటాడు. మన ఊళ్లో ఎమ్మెల్యే పుట్టినరోజు ఫ్లెక్సీలో ఆయన చేతికి ఆరో వేలు వస్తే రాత్రికి రాత్రి దింపేస్తారు. అచ్చేసినవాడికి డబ్బులు కూడా రావు. ప్రభువు చేతికి వస్తే ఎవరూ గమనించలేదు, గమనించినామెను ప్రార్థన చేసుకోమన్నారు. బాగోలేదని చెప్పడం విమర్శించే ఆత్మ కాదమ్మా. ఆదికాండం మొదటి పేజీలో దేవుడు తన పనిని తానే చూసి మంచిదని అన్నాడు. చూసి విలువ కట్టడం అక్కడే మొదలైంది. దేవుని పేరు తగిలించినంత మాత్రాన పాట బాగుండదు, బొమ్మా బాగుండదు. గుడి కప్పు మీద ఉన్నంత మాత్రాన చెడ్డదీ అయిపోదు. "ఏవి సత్యమైనవో, ఏవి మాన్యమైనవో" అంటూ మొదలై "ఏవి రమ్యమైనవో" దాకా వెళ్లే ఫిలిప్పీయుల వాక్యం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. అందులో రమ్యమైనది కూడా ఉంది, సత్యమైనది కూడా ఉంది. ఆరు వేళ్ల చెయ్యి రెండూ కాదు.

ఒక్క సంగతి మాత్రం మీ మనసును మీరే అడగండి. ఆ ఫ్లెక్సీ స్థానంలో సండే స్కూలు పిల్లలు చార్టు మీద వంకరటింకరగా వేసిన పశువుల పాక ఉంటే మీకు ఇంత చిరాకు వచ్చేదా? రాదనుకుంటాను. విధవరాలి రెండు కాసుల్ని యేసు మెచ్చుకున్నాడు. చేతకాక వచ్చిన వంకరకూ, పట్టించుకోక వచ్చిన వంకరకూ తేడా ఉంది. పిల్లల బొమ్మ చూసినా మీకు చిన్నచూపే కలిగితే, ఆ పెద్దాయన మాటలో కొంత నిజం ఉందేమో చూసుకోండి. చెప్పే వేళ కూడా ముఖ్యం. కట్టేశాక, పండగ రోజు చెప్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు, మాట పడటం తప్ప. అచ్చుకు పోకముందు డిజైన్ ఫోన్‌కు పంపమని అడిగితే అది సాయం అవుతుంది.

ఈసారి తెర మీ చేతికే వచ్చింది కాబట్టి ఆ గొడవ ఎలాగూ లేదు. పాస్టర్ గారిచ్చిన క్యాలెండర్ బొమ్మను అలాగే దింపొచ్చు. అందరూ సంతోషిస్తారు, మీ చెయ్యి మాత్రం వేస్తున్నంతసేపూ గొణుగుతుంది, వచ్చే ఏడూ అదే బొమ్మ ఇస్తారు. కుదరదని చెప్పొచ్చు, అప్పుడు మళ్లీ ఫ్లెక్సీ షాపే. ఇంకో దారి ఉంది, కొంచెం కష్టపడాలి. రెండు చిన్న నమూనాలు వేసి తీసుకెళ్లండి. ఒకటి ఆయన అడిగింది, ఇంకొకటి మీది.

మీదానికి నాకొక ఊహ తోచింది, నచ్చకపోతే వదిలెయ్యండి. లూకా సువార్తలో గొర్రెల కాపరులు పొలంలో ఉండి రాత్రివేళ మందను కాచుకుంటున్నారు. మన అనంతపురం జిల్లాలో ఎరువు కోసం చేల్లో రాత్రిపూట మంద పెట్టించుకోవడం ఎవరికి తెలియదు? కంబళి కప్పుకుని, కర్ర పక్కన పెట్టుకుని, మంద చుట్టూ పడుకునే కాపరులు, దున్నిన ఎర్రనేల, దూరంగా రాళ్ల గుట్ట. ఆ ఆకాశంలో వెలుగు. లేపాక్షి కప్పు దగ్గర మీరు నేర్చుకున్న నల్లగీత ఇక్కడ పనికొస్తుంది, గుడి కథ ఒక్కటీ అక్కర్లేదు. చిత్రకారుడు జామినీ రాయ్ క్రైస్తవుడు కాకపోయినా, బెంగాలు పల్లె బొమ్మల తీరులో పెద్ద పెద్ద కళ్లతో క్రీస్తును మళ్లీ మళ్లీ వేశాడు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు క్రీస్తు కథను గుడ్డ మీద వేశారు. డోర్నకల్ కెథడ్రల్‌ను గుడి, మసీదు శిల్పరీతులు కలిపి కట్టించినవాడు అజరయ్య బిషప్పు. ఆయన విశ్వాసాన్ని ఎవరూ శంకించలేదు. ఈ సంగతులు పాస్టర్ గారికి చెప్పండి, పాఠంలా కాదు, ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ. ఆయన రెండో నమూనా వద్దంటే మొదటిదే వెయ్యండి, వేళ్లు ఐదే ఉండేలా, ముఖం సాగకుండా. అదీ చిన్న పనేం కాదు.

పాప గురించి నాకు ఎక్కువ బెంగగా ఉంది. ఖాళీ పేజీ ఇచ్చింది విశ్వాసంతో కాదు, భయంతో. చవితికి ఆ బొమ్మ వెయ్యనివ్వాలా వద్దా అన్న విషయంలో విశ్వాసులే రెండు రకాలుగా ఆలోచిస్తారు. చరిత్ర పాఠంలో బొమ్మ వేసినట్టే ఇదీ అనుకునేవాళ్లున్నారు. మా పిల్ల చేత వద్దు అనేవాళ్లున్నారు. మీరిద్దరూ ముందు ఏదో ఒకటి అనుకోండి, అత్తగారితో కూడా చెప్పండి, తర్వాత ముగ్గురూ ఒకే మాట పాపకు చెప్పండి. వేయనివ్వడం అనుకుంటే, ఇది పూజ కాదు, డ్రాయింగ్ పీరియడ్ అని చెప్పి, అత్తగారు ఆ నోట్‌బుక్ చూసినప్పుడు మీరు పక్కనుండండి. వద్దనుకుంటే ఖాళీ పేజీ ఇవ్వనవసరం లేదు. ఆ రోజుకు అరటి పిలకలో, మామిడి తోరణమో, చెరువో ఇంకేదైనా వేయనివ్వమని క్లాస్ టీచర్‌ను ముందే అడగండి. పాప చదివేది మీ స్కూల్లోనే అన్నారు కదా, స్టాఫ్ రూంలో రెండు నిమిషాల మాట అది.